కత్తి మీద ఆవిరి

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో డిసెంబర్ వస్తే సూర్యుడు కూడా మొక్కుబడికి వచ్చి పోతాడు. టీ తాగే వేళకే చీకటి. ఆ ఏడు లాక్‌డౌన్ పుణ్యమా అని వీధిలో మనుషులూ లేరు. కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరైన రవీంద్రనాథ్ హాల్లో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, పాత జపాన్ కత్తి ముందు కూర్చున్నాడు. పక్క గదిలో అతని భార్య హైమావతి కరోనాతో పడుకుని ఉంది. తలుపు సందులోంచి నీలగిరి తైలం వాసన, ఆగని దగ్గు.

పాత కత్తుల పిచ్చి అతనికి పెళ్ళికి ముందునుంచే ఉంది. వాటి ముందు మాట్లాడకూడదు, ఊపిరి తగలనివ్వకూడదు. తడికి మచ్చ పడుతుంది. అందుకే లోకమంతా ఇప్పుడు కట్టుకున్న మాస్కు అతను ఏనాడో కట్టాడు. "కత్తికిచ్చే మర్యాదలో సగం నాకివ్వండి చాలు" అని హైమ దెప్పేది. ఇవాళ దెప్పడానికి ఆమెకు ఊపిరి చాలడం లేదు.

చనిపోయిన పక్కింటి ముసలాయన ఇంటి నేలమాళిగలో దొరికిన కత్తి ఇది. పిడి ఊడదీస్తే లోపలి ఇనుము మీద నల్లటి తుప్పు. దాని కింద చేసినవాడి పేరు ఉండాలి. ఆ తుప్పును చూసే కత్తి వయసు కడతారు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి రవీంద్రకూ తెలుసు. కానీ ఆ దగ్గు వింటూ చేతులు ముడుచుకుని కూర్చోవడం అతని వల్ల కాలేదు. వాళ్ళమ్మ పండక్కి ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పెట్టి తోమేశాడు. ఇనుము తళతళలాడింది. పేరు మాత్రం లేదు.

మ్యూనిక్‌లో ఉండే భాస్కర్ రావుకూ ఇదే పిచ్చి. అతనికి ఫోటో పంపగానే ఫోన్ వచ్చింది.

"తుప్పెందుకు తీశావురా? దాని వయసంతా కడిగేశావు కదా. ఇప్పుడది నిన్న పుట్టిన కత్తి."

"ఏమవుతుంది?"

"ఏమో. అలా చేసినోణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

ఫోన్ పెట్టేసి చూస్తే కత్తి అంచు దగ్గర చిన్న ఆవిరి మచ్చ. తన మాస్కు సరిగ్గానే ఉంది. మచ్చ కరిగింది... మళ్ళీ వచ్చింది. లోపల హైమ ఊపిరి వదిలినప్పుడల్లా వస్తోంది. అతను కంగారుగా గుడ్డతో తుడిచేశాడు.

లోపల ఊపిరి ఆగింది.

పరుగెత్తాడు. హైమ నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటోంది. పెదవులు నీలం. అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. తెల్ల సూట్లవాళ్ళు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు. అతనూ క్వారంటీన్‌లోనే ఉన్నాడని తోడు రానివ్వలేదు.

ఇల్లంతా నిశ్శబ్దం. చింతపండు పులుపు వాసన, ఇనుము వాసన. కత్తి మీద మచ్చ మళ్ళీ వచ్చింది... శనగగింజంత. కొంచెం తగ్గింది. ఇంకొంచెం... రవీంద్రకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏ దేవుణ్ణి పిలవాలో తోచలేదు. మొదటిసారి కత్తి ముందు మాస్కు తీసేశాడు.

"ఆమెది వదిలెయ్" అన్నాడు గుసగుసగా. "నాది తీసుకో."

వంగి, గుండెల్లో ఉన్న గాలంతా దాని మీదికి వదిలాడు. ఇనుము మీద ఆవిరి పట్టలేదు. ఉన్న మచ్చ కూడా పోయింది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. హైమ.

"ఏమండీ... ఉన్నట్టుండి తేలికైపోయింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. డాక్టరుకే అర్థం కాలేదట."

అతను కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఇంతకన్నా ఇంకేం కావాలి?

"ఊరుకోండి" అంది. అంతలోనే గొంతు తగ్గించింది. "మీ పక్కన ఎవరండీ?"

"ఎవరూ లేరు హైమా."

"ఫోన్ దగ్గరే ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... గట్టిగా. మీరు కాదు. మీ ఊపిరి నాకు తెలియదా?"

అతను అరచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. చేతికి గాలి తగల్లేదు.