వంటావార్పు బొగ్గులు

...ఎర్రలైటు వెలిగినంత మాత్రాన అది కరెంటు దెబ్బను అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ అయిపోదు. లైటుదేముంది, పిల్లలాడుకునే బొమ్మ కారుకూ వెలుగుతుంది. లోపల ఏముందన్నదే ముఖ్యం. లోపల ఏమీ లేకుండా పైకి మాత్రం వెలిగే డబ్బాలు కోరుట్ల బజారు నిండా ఉన్నాయి. మనుషుల్లోనూ అలాంటివాళ్లు... అనుకోబోయి సాగర్ ఆ ఆలోచనను అక్కడే ఆపేశాడు. కొన్ని ఆలోచనలను గడప దాటి లోపలికి రానివ్వకూడదు.

చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఎదురుగా భార్య లావణ్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె వేళ్లు ఆగకుండా ఆకు కత్తిరిస్తున్నాయి, తంబాకు నింపుతున్నాయి, దారం చుడుతున్నాయి. మూలన గోడకు ఆనించి తను దుబాయ్ నుంచి తెచ్చిన హోం థియేటర్ పెట్టె, ఇంకా విప్పకుండానే, ఉంది. చుట్టూ నీలిరంగు ప్లాస్టిక్ తాడు, దాని కింద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసిన తన పేరు, ఊరు. విమానంలో అంటించిన కాగితం కూడా అలాగే ఉంది.

"ఇయ్యాల ఏ ఊరు కొడుకా?" అంది తల్లి నర్సవ్వ, చిరిగిన రవిక కుట్టుకుంటూ. "జగిత్యాల అయిపాయె, సిరిసిల్ల అయిపాయె. ఇగ మెట్‌పల్లా?"

"కాదవ్వా. మన ఊర్లెనే అమీన్ భాయ్ కొత్త మాల్ తెచ్చిండట. చూసస్త."

"ఎండకాలం పాయె, వానకాలం పాయె. గా పెట్టె పాట పాడేలోపు నా చెవులు పోయేటట్టున్నయ్."

"సమ్మెల కరెంటు ఎప్పుడు పోతదో ఎప్పుడస్తదో తెల్వది. అచ్చినప్పుడు ఒక్కసారే దుంకుతది. మంచి ప్రొటెక్టర్ లేకుంటే ఆ దెబ్బకు పెట్టె లోపలంత కాలిపోతది."

అది అబద్ధం కాదు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బొగ్గు గనులు ఆగాయి, బస్సులు ఆగాయి. కరెంటు చుట్టంలా వచ్చి పోతోంది. నిజాన్నే సాకుగా పెట్టుకుంటే దాన్ని ఎవరూ కాదనలేరని సాగర్‌కు ఈ మధ్యే తెలిసింది.

"పిల్లా, కత్తెర ఇటియ్యి. దారం కోసుకుంట," అంది నర్సవ్వ.

"ఆకు కత్తెర అత్తా. వేరేది కోస్తే మొండిబారుతది. పంటితోని కొరుక్కో."

"పండ్లుంటే గదనే!"

లావణ్య నవ్వింది కానీ కత్తెర ఇవ్వలేదు. ఆ కత్తెరను ఆమె ఎవరికీ ముట్టనివ్వదు.

బజారులో అమీనుద్దీన్ తన కరెంటు సామాన్ల దుకాణం షట్టర్ సగమే ఎత్తి కూర్చున్నాడు. సాగర్‌ను చూడగానే గల్లా పక్కనుంచి ఒక డబ్బా తీశాడు.

"ఇగో సాగర్ భాయ్, నీ కోసమే పక్కకు పెట్టిన. పెండ్లిపిల్లను గూడ గిన్నిసార్లు చూడరు. దీనికి గూడ వంక పెడితే నేను దుకాణం బంద్ జేస్త."

సాగర్ దాన్ని తిప్పి చూశాడు. వెనక రాసినవన్నీ చదివాడు. బరువు చూశాడు. మూడో పిన్ను గట్టిగా ఉంది. ఎంత పెద్ద దెబ్బకు తట్టుకుంటుందో అంకె స్పష్టంగా ఉంది. జగిత్యాలలో చూసిన వాటికి ఆ అంకే లేదు. సిరిసిల్లలో చూసినవి ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సులు. దీనికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అందుకే అతను దాన్ని మళ్లీ మొదటినుంచీ తిప్పి చూశాడు.

"మంచిదే," అన్నాడు చివరికి. "కానీ మా ఇంటికి ఎర్త్ లేదు భాయ్. దెబ్బ భూమిల దిగనీకి తొవ్వ లేకుంటే ఇది ఉత్త డబ్బానే."

"ఎర్త్ లేకుంటే కొట్టుకో. దుబాయిల నువ్వు చేసింది గదే పని గద! నా గిరాకీలు రోజు అడుగుతున్నరు, ఎర్త్ కొట్టెటోడు దొర్కుతలేడని. నీ లీవు అయిపోయేలోపు నాలుగిండ్లన్న చేసి పెట్టరాదు?"

లీవు అన్న మాట సాగర్‌కు ముల్లులా గుచ్చుకుంది. డబ్బులిచ్చి, డబ్బా సంచిలో వేసుకుని బయటపడ్డాడు.

ఇంటికి రాగానే భార్యతో చెప్పాడు. "దొరికింది గాని లాభం లేదు. ఎర్తింగుకు గుంత తవ్వాలె, ఉప్పు పొయ్యాలె, బొగ్గులు నింపాలె. ఇండ్లల్ల గ్యాసు అచ్చినంక గన్ని బొగ్గులు ఏడ దొర్కుతయ్?"

ఆ మాట చెబుతుంటే అతని భుజాలు తేలికపడ్డాయి. లావణ్య అది చూసింది. చాట పక్కన పెట్టి, బీడీ కార్మికులతో కలిసి రోడ్డు మీద వంటావార్పుకు వెళ్లిపోయింది. సమ్మెకు మద్దతుగా ఆ రోజు ఊరంతా నడిరోడ్డు మీదే వండుకు తింటోంది.

ఎండ తిరుగుముఖం పట్టాక వచ్చింది. నెత్తి మీద గంప. దించితే నిండా బొగ్గులు, ఇంకా తడిగా.

"ఏందిది?" అన్నాడు సాగర్.

"దొర్కయంటివి గద. రోడ్డు పొడుగూత పొయ్యిలే. అన్నాలైనంక నీళ్లు చల్లి ఏరుకచ్చిన. అందరు నవ్విన్రు. తెలంగాణ ఎప్పుడస్తదో గాని లావణ్యకైతే బొగ్గులచ్చినయ్ అన్నరు." ఆమె చెంప మీద మసి అంటింది. "ఉప్పు ఇంట్ల ఉన్నది. ఇంకేం కావాలె?"

"పైపు..."

"పాత బోరింగు పైపు పెరట్ల ఉన్నది. ఇంకా?"

"హోం థియేటర్ ప్లగ్గు దుబాయిది, మన బోర్డుకు పట్టది..."

"అమీన్ భాయ్ దగ్గర మార్చేది దొర్కుతది. ఇంకా?"

సాగర్‌కు కోపం వచ్చింది. "నీకెందుకు గింత తొందర? లీవు అయిపోయి నేను పోయినంక మీరు దాన్ని కరాబ్ చేస్తరు!"

"ఏ లీవు?" అంది లావణ్య, గొంతు పెంచకుండానే. "లీవుల అచ్చెటోడు వండుకునే గంజు తెచ్చుకుంటడా? కప్పుకునే కంబలి, ఆడ రూముల పెట్టెకేసే తాళంచెవి తెచ్చుకుంటడా? నీ బ్యాగు విప్పిననాడే ఎరికైంది నాకు."

సాగర్ తల్లి వైపు చూశాడు. నర్సవ్వ చూపు దించుకుంది.

"నీకు గూడ ఎరికేనా అవ్వా?"

"గా గంజు తోమింది నేనే గద బిడ్డా. అడుగంత నల్లగుండె. ఎన్నేండ్లు ఒక్కనివే వండుకున్నవో అనుకుంట తోమిన."

"మరి అడుగకపోతిరి?"

"నువ్వే చెప్తవని చూసినం. ఎవలడిగినా లీవే అన్న. పాస్టరమ్మ అడిగితే గూడ లీవే అన్న. చర్చిల నిలవడి అబద్ధమాడించినవ్ రా నాతోని!"

నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే విరిగి కన్నీళ్లయింది. గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు.

"కంపెనీ బంద్ అయింది. మేముండే క్యాంపుకు తాళమేసిన్రు. ఏం మొకం పెట్టుకొని చెప్పాలె? గా పెట్టె కట్టు మీద ఉన్నంతసేపు నేనింక మళ్ల దుబాయి పోయెటోన్నే అనిపిస్తది. విప్పితే..."

"విప్పితే ఇంటికచ్చినట్టు," అంది లావణ్య. మసి చేయి అతని భుజం మీద వేసింది. "గందుకే విప్పమంటున్న."

సాగర్ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి గడ్డపార అందుకున్నాడు.

వానలకు నేల మెత్తగా ఉంది. తవ్వుతున్నకొద్దీ చేతులకు పని గుర్తొచ్చింది. గుంత ఎంత లోతు ఉండాలో, పైపు ఎక్కడ నిలపాలో అవే చెబుతున్నాయి. ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు. నర్సవ్వ ఉప్పు గుప్పిట పట్టి, కూరలో వేసినట్టు చూసి చూసి వేస్తుంటే సాగర్ అన్నాడు, "రుచి చూస్తున్నవా ఏందవ్వా? గుమ్మరియ్యి!"

లావణ్య బిందెతో నీళ్లు పోసింది. బొగ్గులు బుడబుడమని తాగాయి.

"ఎర్త్ ఎండద్దు," అన్నాడు సాగర్ చేతులు దులుపుకుంటూ. "రోజు బిందెడు నీళ్లు పొయ్యాలె."

"రోజు ఎవలు పోస్తరు?" అంది నర్సవ్వ.

"నేనే పోస్త."

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి వినపడలేదు. లావణ్య ఖాళీ బిందె పట్టుకుని అలాగే నిలబడింది.

లోపలికి వచ్చేసరికి కరెంటు లేదు. కిటికీలోంచి సాయంత్రపు వెలుగు నేరుగా పెట్టె మీద పడుతోంది. సాగర్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముడి బిగుసుకుపోయింది, గోళ్లకు లొంగడం లేదు.

"లావణ్యా, కత్తెర."

మొండిబారుతుందని ఆమె అనలేదు. చాటలోంచి కత్తెర తీసి, అంటుకున్న తంబాకును కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది.

సాగర్ తన పేరు మీదుగా బిగుసుకున్న నీలి తాడు కిందికి కత్తెర పోనిచ్చి, కోశాడు.