ఉతికిన బట్టల మూట

శనివారం ఉదయం చేతిలో కాఫీ కప్పుతో వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్ళిన డార్లా, కూతురు సైమా సంచీ జిప్పు లాగి చూసి అలాగే నిలబడిపోయింది. సంచీ నిండా బట్టలే. ఒక్కటంటే ఒక్కటి మాసింది లేదు.

యూనివర్సిటీలో చేరిన పిల్లలు సెలవులకి మాసిన బట్టల మూట మోసుకురావడం ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో రివాజు. చర్చిలో కలిసే తల్లులు విసుక్కుంటున్నట్టు మొహం పెట్టి గొప్పలు చెప్పుకునేది ఆ సంగతే. "మావాడు చూడ్డానికొచ్చింది నన్ను కాదు, నా మెషీన్ని" అని రోండా కిందటేడు ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఈ ఏడు ఆ మాట తను చెప్పాలని డార్లా ఎప్పట్నించో ముచ్చట పడుతోంది. పెద్ద సబ్బుపొడి డబ్బా కొని సిద్ధంగా పెట్టుకుంది కూడా. సైమా బుధవారం దిగినా, థాంక్స్‌గివింగ్ పండగ వంటలు, వచ్చేపోయే చుట్టాలతో ఇవాళ్టిదాకా తీరిక చిక్కలేదు. తీరా విప్పితే ఇదీ వరస.

లోదుస్తుల దగ్గర్నుంచి మేజోళ్ళ దాకా అన్నీ ఉతికి, అంచులు కలిపి మడతపెట్టి ఉన్నాయి. సైమా మడతలు పెట్టే పిల్లే కాదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె కుర్చీ మీద బట్టల గుట్ట తప్ప కుర్చీ కనిపించి ఎరగరు. డార్లా ఒక చొక్కా తీసి వాసన చూసింది. ఏదో ఘాటైన పూల వాసన. వెళ్ళేముందు కొనిచ్చిన ఎర్ర స్వెట్టరు ఎన్నో ఏళ్ళు వాడినట్టు వెలిసిపోయి, మోచేతుల దగ్గర పలచబడి ఉంది. వీటన్నిటికీ అడుగున బూడిదరంగు స్వెట్‌షర్టు ఒకటి కనిపించింది. దాని మీద ఏదో హాకీ జట్టు పేరు. అందులో ఇద్దరు సైమాలు పడతారు.

మగవాడి చొక్కా.

"ఏమ్మా, బట్టలతో మాట్లాడుతున్నావా?" అంటూ వెనకనుంచి వచ్చింది ఐలీ, ఆమె అత్తగారు. చెవులు కొంచెం మందగించినా ఇంట్లో ఆవిడ కంట పడనిది లేదు.

"ఏం లేదత్తయ్యా," అని డార్లా ఆ చొక్కాని గబగబా అడుక్కి తోసేసింది.

సైమా మేడ దిగి వచ్చేసరికి బల్ల మీద పాన్‌కేక్ పొగలు కక్కుతోంది. సైమా అంచు తుంచుకుని, తింటున్నట్టు నటించింది. కాఫీ వద్దంది. తండ్రి వేన్ తెల్లారకముందే జింకల వేటకి అడవిలోకి పోయాడు కాబట్టి ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురే.

"మధ్యాహ్నం భోజనాలవగానే పొయ్యి రాజేస్తాను," అంది ఐలీ హుషారుగా. "ఎప్పట్లాగే మనం ముగ్గురం ముందు. మీ నాన్న కంపు కొడుతూ వస్తాడు, వాడు తర్వాత."

శనివారం సౌనా ఆ ఇంట్లో ప్రార్థనతో సమానం. పెరట్లో వేన్ వాళ్ళ తాత కట్టిన దుంగల గది అది. పొయ్యి మీద రాళ్ళు ఎర్రగా కాలుతుంటే చెంబుతో నీళ్ళు చల్లి, భుస్సుమని లేచే ఆవిరిలో బట్టలన్నీ విప్పేసి చెక్కబల్లల మీద కూర్చుంటారు. ఆ గదిలో ఎవరూ గొంతు పెంచకూడదు. సైమా చిన్నప్పట్నించీ చెప్పాల్సినవన్నీ అక్కడే చెప్పింది. పగలగొట్టిన కిటికీ సంగతీ అక్కడే, లెక్కల్లో తప్పిన సంగతీ అక్కడే.

"నేను రాను నానమ్మా ఇవాళ," అంది సైమా పళ్ళెంలోకి చూస్తూ.

ఐలీ చేతిలో గరిట ఆగిపోయింది. "ఏమే?"

"జలుబు చేసింది."

"జలుబుకేగా సౌనా!"

"అమ్మా, చెప్పు నానమ్మకి. నాకు ఓపిక లేదు," అని సైమా లేచి మేడెక్కేసింది.

డార్లా, ఐలీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పచ్చబొట్టు పొడిపించుకుందంటావా?" అంది ఐలీ గుసగుసగా. చెవులు మందగించిన ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"పచ్చబొట్టయితే బాగుండునత్తయ్యా."

"మరి?"

డార్లా మనసులోనే లెక్కలు కట్టుకుంది. కాఫీ వద్దంటుంది. తిండి సయించడం లేదు. ఒంటికి అంటుకోని వదులు బట్టలు వేసుకుంటోంది. తల్లి ముందు బట్టలు విప్పడానికి ఒప్పుకోవడం లేదు. అడుగున ఆ మగ చొక్కా. అన్నీ కలిపి చూస్తే ఒక్క జవాబే తేలుతోంది, ఆ జవాబు పైకి అనడానికి నోరు రావడం లేదు. రేపు మధ్యాహ్నం బస్సెక్కితే పిల్ల మళ్ళీ క్రిస్మస్‌కి గానీ రాదు. ఈలోపల ఏమైనా కావచ్చు. ఇవాళ తెలుసుకోవాల్సిందే.

అసలు ఇంతదాకా ఎందుకు రానిచ్చానని తన్ను తనే తిట్టుకుంది. దింపడానికి వెళ్ళిన రోజు తల్లిదండ్రులందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, యూనివర్సిటీ టీషర్టు వేసుకున్న ఒకావిడ మైకులో హితబోధ చేసింది. "మీరు ఫోన్ చెయ్యకండి, వాళ్ళనే చెయ్యనివ్వండి. ఇంటి మీద బెంగగా ఉందా అని అస్సలు అడక్కండి, అడిగితే లేని బెంగ పుట్టుకొస్తుంది. రెక్కలు విప్పుకోనివ్వండి." డార్లా వంట పుస్తకంలో అరచెంచా ఉప్పని ఉంటే అరచెంచానే వేసే మనిషి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఫోన్ సింకు పక్కన పెట్టుకుని గిన్నెలు తోముకుంది తప్ప తనంతట తను ఒక్కసారి చెయ్యలేదు. ఆదివారం ఆదివారం సైమా నుంచి "బాగున్నాను" అని ఒక ముక్క వచ్చేది. రెక్కలు బాగానే విప్పుకుంటోంది కాబోలు అనుకుంది. ఎవడి కోసం విప్పుకుంటోందో ఇప్పుడు కదా తెలుస్తోంది.

మధ్యాహ్నం ఐలీ పొయ్యి రాజెయ్యడానికి పెరట్లోకి వెళ్ళగానే డార్లా మళ్ళీ సంచీ దగ్గర చేరింది. జేబులు తడిమింది. కాలర్లు తిరగేసి చూసింది. బూడిదరంగు చొక్కాని మొహానికి ఆనించుకుని మగవాసన పట్టడానికి ప్రయత్నిస్తుండగా వెనక చప్పుడైంది.

"ఏం చేస్తున్నావ్?"

గుమ్మంలో సైమా. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఉతుకుదామని..." అంది డార్లా.

"అవి ఉతికినవే."

"అదే నేనూ అడిగేది! ఎవరు ఉతికారు? ఎవరు మడతపెట్టారు? ఈ చొక్కా ఎవరిది?"

"ఎవరిదో."

"ఎవరిదో అంటే?"

"ఎవరిదో నాకు తెలీదమ్మా!"

పేరు కూడా తెలీదా? దేవుడా! ఉదయం నుంచీ డార్లా గొంతులో అడ్డంపడ్డ మాట ఇక ఆగలేదు.

"కడుపుతో ఉన్నావా?"

సైమా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పకపకా నవ్వింది. గోడకి ఆనుకుని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తల్లికి తెలియలేదు. ఒక్క ఉదుటున డార్లాని తోసుకుని, పెరటి తలుపు తీసుకుని, కోటు కూడా లేకుండా మంచులో పరుగెత్తింది. సౌనా తలుపు దబ్బున మూసుకుంది.

డార్లా చెప్పుల్లేకుండా మేజోళ్ళతోనే వెనక పరుగెత్తింది. బయట కట్టెలు ఏరుతున్న ఐలీ "ఏమైందే? ఏమైంది?" అని అరుస్తూనే ఉంది.

లోపల పొయ్యి అప్పుడే అందుకుంటోంది. సైమా పై బల్ల మీద మోకాళ్ళు కావలించుకుని ముడుచుకుని ఉంది. డార్లా ఎక్కి పక్కన కూర్చుంది. ఇద్దరి ఒంటి మీదా ఉన్ని స్వెట్టర్లే. ఆ ఇంట్లో బట్టలతో ఆ గదిలో కూర్చున్నవాళ్ళు అంతకుముందు లేరు.

"అందుకే రానన్నాను," అంది సైమా వెక్కుతూ. "ఇక్కడ కూర్చుంటే చెప్పేస్తానని తెలుసు."

"చెప్పు తల్లీ. ఏదైనా సరే. నేను అరవను."

"కడుపూ లేదు, ఏమీ లేదు. ఎవరూ లేరమ్మా నాకు. అక్కడ అసలు ఎవ్వరూ లేరు."

డార్లాకి వెంటనే అర్థం కాలేదు. ఆమె సిద్ధపడి వచ్చింది వేరే మాటకి.

"నా గదిలో అమ్మాయికి వాళ్ళ ఊరివాళ్ళే బోలెడుమంది. రోజూ వాళ్ళతోనే పోతుంది. భోజనాల హాల్లో ట్రే పట్టుకుని నిలబడితే ఎక్కడ కూర్చోవాలో తెలీదు. అందుకని గదికి తెచ్చుకుని తింటాను. మొదట్లో ఒకసారి శనివారం మా ఇంట్లో సౌనా అని చెప్తే, 'సౌనా కాదు, సానా అనాలి' అని నవ్వారు. మనం పలికేది తప్పట. తర్వాత ఇంకేం మాట్లాడలేదు."

"మరి సాయంత్రాలు?"

"హాస్టల్ కింద బట్టలుతికే గది ఉంది. డ్రయ్యర్లన్నీ తిరుగుతుంటే వెచ్చగా ఉంటుంది. కళ్ళు మూసుకుంటే ఇక్కడున్నట్టే ఉంటుంది. వచ్చినవాళ్ళు ఎప్పుడైనా రెండు మాటలు మాట్లాడతారు. కానీ ఊరికే కూర్చుంటే వింతగా చూస్తారు కదా. అందుకని బట్టలు వేస్తాను."

"మాసినవా?"

"మాసినవి ఎన్నుంటాయి? ఉతికినవే మళ్ళీ వేస్తాను."

ఎర్ర స్వెట్టరు డార్లా కళ్ళముందు మెదిలింది. వెలిసిపోయిన ఆ రంగు, పలచబడిన ఆ మోచేతులు. తన పిల్ల ఒంటరితనం అంతా అందులో ఉంది, తను ఆ బట్టల్లో మగవాసన కోసం వెతికింది.

"ఆ చొక్కా?"

"ఎవరో డ్రయ్యర్లో వదిలేసి పోయారు. ఉతికి మడతపెట్టి అక్కడే కూర్చున్నాను. ఎవరైనా వచ్చి ఇది నాది అంటారు, మాటలు కలుస్తాయి అనుకున్నాను. ఎవరూ రాలేదు. వదిలెయ్యబుద్ధి కాలేదు."

"నాకొక్క ఫోన్ చెయ్యలేకపోయావా సైమా?"

"మిమ్మల్ని ఆ హాల్లోకి తీసుకెళ్ళినప్పుడు మమ్మల్ని ఇంకో హాల్లో కూర్చోబెట్టారుగా. ప్రతిదానికీ ఇంటికి ఫోన్ చెయ్యొద్దని చెప్పారు. మనం ఏడిస్తే అక్కడ అమ్మానాన్నలకి నిద్ర ఉండదట. ముందు మనమే సర్దుకోవాలట. సర్దుకుంటున్నాను." సైమా ముక్కు తుడుచుకుంది. "నువ్వు చేస్తావని చూశాను. నువ్వూ చెయ్యలేదు. నేను లేకపోతే నీకు హాయిగా ఉందేమో అనుకున్నాను."

"నన్ను చెయ్యొద్దన్నారే!" అంది డార్లా. ఆ గదిలో గొంతు పెంచకూడదన్న సంగతి ఆమెకి గుర్తులేదు. "ఫోన్ సింకు పక్కన పెట్టుకుని, అది మోగుతుందేమోనని కుళాయి కూడా సన్నగా తిప్పుకుని తోముకున్నానే గిన్నెలు!"

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అన్ని వారాలూ ఇద్దరూ బుద్ధిమంతుల్లా చెప్పినమాట విన్నారు. డార్లా లేని కుర్రాణ్ణి అనుమానించింది, పుట్టబోని బిడ్డని కూడా అనుమానించింది. మైకులో విన్న మాటని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుని, తడిసిన ఉన్నిలో మొహం దాచుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఇంటికొచ్చేస్తావా?" అంది చివరికి.

సైమా ఆలోచించింది. "లేదు. చదువు బాగుంది. రాళ్ళ గురించి చెప్పే క్లాసైతే అయిపోకుండా ఉంటే బాగుండును అనిపిస్తుంది. నచ్చనివి సాయంత్రాలే."

"అక్కడ చెప్పుకోడానికి పెద్దవాళ్ళెవరూ లేరా?"

"మా అంతస్తులో ఒక సీనియర్ ఉంది. మమ్మల్ని కనిపెట్టుకుని ఉండటమే ఆమె పని. తలుపు పక్కన చాక్లెట్ల గిన్నె పెట్టి, ఎప్పుడైనా తట్టండి అని రాసింది. చాక్లెట్ తీసుకుని వచ్చేస్తుంటాను."

"రేపు వెళ్ళగానే తట్టు. చాక్లెట్ తీసుకోకపోయినా సరే, తట్టు. నాకేమో ఎప్పుడనిపిస్తే అప్పుడు చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తాను. ఆ మైకావిడ ఏమనుకుంటే నాకేం?"

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఒంటికి తువ్వాలు చుట్టుకుని, చేతిలో నీళ్ళ చెంబుతో ఐలీ నిలబడి ఉంది. చెమటలు కారుతూ స్వెట్టర్లతో కూర్చున్న ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"సౌనాలో ఉన్ని బట్టలా! ఇదా యూనివర్సిటీలో నేర్పింది? విప్పండి ముందు! పచ్చబొట్టెక్కడో నేనూ చూడాలి!"

ఆ మాటకి సైమా నవ్వింది. ఈసారి అది నవ్వుగానే ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం పొయ్యి రాజెయ్యగానే డార్లా ఫోన్ తీసేది. అడగొద్దన్న ప్రశ్నే మొట్టమొదట అడిగేది. "బెంగగా ఉందా?" మొదటిసారి "ఉంది" అని చాలాసేపు మాట్లాడింది సైమా. సీనియర్ తలుపు తట్టానని, ఆమె తనని భోజనానికి వెంటబెట్టుకుపోయిందని చెప్పింది. ఇంకో వారం, "ఉందమ్మా, కానీ తర్వాత చెప్తాను, కింద నాకోసం ఆగారు" అని పెట్టేసింది. డార్లా ఫోన్ చేతిలో పట్టుకుని, ఆగింది ఎవరా అని సాయంత్రమంతా తలబద్దలు కొట్టుకుంది. అయినా మనసు తేలికగా ఉంది.

క్రిస్మస్‌కి వచ్చిన సైమా గుమ్మంలోనే ఒక మూట దబ్బున పడేసింది. డార్లా జిప్పు లాగగానే గుప్పుమంది. తడి మేజోళ్ళు, కాఫీ మరకలు, ఎవరిదో ఆకుపచ్చ టోపీ, మట్టి కొట్టుకుపోయిన ప్యాంటు. దేనికీ మడత లేదు. డార్లా ఆ కంపులో మొహం పెట్టి, కళ్ళనీళ్ళు కారిపోతుంటే, రెండు చేతులా ఆ మూటని గుండెకి హత్తుకుంది.

"ఛీ! అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదు. ఉతుకుదామని." అడుగుదాకా వెతికింది డార్లా. "ఆ బూడిదరంగు చొక్కా ఏదీ?"

"దాని మనిషి దొరికాడు," అంది సైమా, మొహం పక్కకి తిప్పుకుని.

డార్లా కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవడు?"

సైమా మేడమెట్లెక్కుతూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"సాయంత్రం సౌనాలో చెప్తాలే."