బసప్ప ఇంట్లో కడవ బొమ్మ

శింగనమల ఊరిబయట బసప్ప ఇల్లని ఒకటుండాది. మునిమాపు దాటితే ఆ దోవన బండి కూడా తోలరు. తోలుబొమ్మలాడించే బసప్ప ఆ ఇంట్లోనే సచ్చిపోయినాడు. ఆయన పోయినాక గోడల మీద నీడలాడతాయని ఊరంతా చెప్పుకుంటారు. ఊరోళ్ళకేమప్పా, నోరుండాది, చెప్పుకుంటారు. నేనైతే నమ్మలేదు... జిలాన్ బాషా చెప్పేదాకా.

బాషాది చిలమత్తూరు. మద్రాసులో సినిమా చదువు. అరవై అయిదులో అనుకుంటా, పరీక్షకు ఒక బొమ్మల సినిమా తీయాల్సొచ్చె. కరువులో కడవెత్తుకుని నీళ్ళకు పోయే ఆడమనిషి కథ. బొమ్మను ముళ్ళతో తెరకు గుచ్చి నిలబెట్టల్ల, ఒక ఫోటో తీయల్ల, చేయి గింజంత జరపల్ల, మళ్ళా ఫోటో. అట్లా వేలకొద్దీ తీస్తేగానీ బొమ్మ నడవదు. సోమవారం పొద్దున బస్సుకు రీలు పోకపోతే పరీక్ష తప్పినట్టే. స్కాలర్‌షిప్పు పాయె, చదువు ఆడికే సరి.

బొమ్మలిచ్చింది బసప్ప పెండ్లాం గంగక్క; ఆయన పోయినాక ఊర్లోకి మారిపోయింది. పెద్ద గది, చీకటి గది కావల్లంటే పాడుబడిన ఆ ఇల్లే దొరికె.

శుక్రవారం రాత్రి అలిసిపోయి, బొమ్మను తెర మీద అట్లే వదిలి, వసారాలో పండుకున్నాడు. తెల్లారి చూస్తే — తెర ఖాళీ. బొమ్మ కింద చాప మీద పండుకోనుండాది. గాలికి పడిందనుకుందామంటే, పీకిన ముళ్ళు పక్కనే వరసగా ఉండాయి. గాలి ముళ్ళను వరసగా పెడతాదా?

చేయి యాడుండెనో, కాలు యాడుండెనో... లెక్కంతా పాయె. ఆ సీను మళ్ళా మొదటి నుంచి తీసినాడు. శనివారం రాత్రీ అదే కత. బాషాకు భయం కంటే ఏడుపు ఎక్కువొచ్చిందంట.

ఆదివారం రాత్రికి ఇంకా సగం సీను మిగిలుండాది. నిద్ర మానుకుని కూచున్నాడు. కండ్లు మూసుకుపోతాండాయి. అప్పుడు... వసారాలో అడుగుల చప్పుడు. తలుపు మెల్లగా తెరుచుకునె.

గంగక్క. చేతిలో సంగటి తట్ట.

“నువ్వేనా అవ్వా, రోజూ బొమ్మను దించేది?” కోపం పట్టలేక అడిగినాడు.

“ఆయన పోయినాక ఈ గడప తొక్కడం ఇదే నాయనా. దించేదేంది?”

బాషా జరిగిందంతా చెప్పినాడు. గంగక్క తట్ట కింద పెట్టింది.

“నిలబెట్టే పండుకుంటివా?” గొంతు తగ్గించి అనింది. “ఆట నిలిపినాక బొమ్మను పండుకోబెట్టల్ల గదప్పా. లేకుంటే దానికి నిద్ర యాడిది? ఇది కూడా చెప్పాల్నా! మా ఆయన జరంతో కాలిపోతాన్నా, బొమ్మల్ని పండుకోబెట్టందే తాను పండుకునేటోడు గాదు.”

బాషా తలుపు దిక్కు చూసినాడు. సామాను సర్దుకుని పారిపోదామంటే — పొద్దునకు బస్సు.

గంగక్క తెర దిక్కు తిరిగింది. గుసగుసగా అనింది, “ఏమయ్యో... పిల్లోనికి తెలీదు. పొద్దునకు ఇది కాకపోతే వాని చదువు పోతాది. ఈ ఒక్క రాత్రి...”

ఏ సద్దూ లేదు. బాషా కెమెరా నొక్కి, బొమ్మ చేయి జరపడానికి లేచినాడు.

చేయి అప్పటికే జరిగుండాది. గింజంత... ఎంత కావల్నో అంతే.

కూచుని మళ్ళా నొక్కినాడు. ఈసారి కాలు జరిగె.

తెల్లారేదాకా బాషా మళ్ళా లేవలేదంట. నొక్కుతానే ఉన్నాడు, కండ్లెంబడి నీళ్ళు కారతానే ఉండె. రీలు బస్సుకు అందినాది, పరీక్ష గట్టెక్కినాడు. నాకు నిద్ర పట్టనీనిది అది గాదు. వీడు తెరకు ఈపక్క కెమెరా నొక్కుతాంటే, ఆపక్క గంగక్క ఎవరికో మెల్లగా చెప్తా ఉన్నిందంట — “అలిసిపోయినావు, రవ్వంతసేపు కూచోయ్యా...”