కృష్ణమ్మకు రాని ఫోన్

టికెట్టన్నాక చేతిలో కాగితం ఉండాలనీ, లేకపోతే అది టికెట్టే కాదనీ శేషయ్య గట్టి నమ్మకం. ఆర్టీసీలో కండక్టరుగా తల నెరిసిపోయేదాకా టికెట్లు కొట్టిన మనిషి మరి. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, నంద్యాలలో విత్తనాల అంగడి మేడ మీద ఇంద్రజ నడిపే డిటెక్టివ్ ఆఫీసులో సహాయకుడిగా చేరాడు. ఆమెకు ఈయన వయసులో సగం కూడా ఉండదు. అయినా ఆమె తెలివికి ఈయన ఏనాడో దాసోహమన్నాడు. ఆ మాట పైకి అనడు గాని, బస్టాండులో పాత స్నేహితులు దొరికితే గంటసేపు ఆమె గొప్పలే చెబుతాడు.

ఆ రోజు పొద్దున్నే మెట్లెక్కి వచ్చిన అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుందే గాని తాగలేదు. పేరు సంధ్య. ఆళ్ళగడ్డ కోడలు.

"మా మామ చెన్నకేశవులు బండలాగుడు పోటీల కమిటీకి పెద్ద అక్కా. ఈ ఏడు గ్యాలరీ టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముదామని చెప్పింది నేనే, సైటులో పెట్టి అమ్మింది నేనే. అన్నీ అమ్ముడుపోయినాయ్. ఇప్పుడేమో కొన్నోళ్ళ ఖాతాల్లో దుడ్లు మాయమైతాండాయ్. కార్డు నంబర్లు నేనే దొంగల చేతికిచ్చినానని ఊరంతా అంటాండారు."

శేషయ్య మీసం దువ్వుకున్నాడు. "కాగితం టికెట్టయితే ఈ తిప్పలుండేది కాదు పాపా."

"నీ బస్సులో జేబులు కొట్టినోళ్ళు టికెట్టు కాగితం చూసి కొట్టినారా చిన్నాయనా?" అంది ఇంద్రజ నవ్వుతూ. శేషయ్య మీసం వదిలేశాడు.

"దుడ్లు ఎట్ల పోతాండాయ్?" అని ఆమె సంధ్యను అడిగింది.

"ఫోన్ వస్తాంది. 'మీ సీటు ఎండ తగిలే పక్క పడింది, నీడ పక్కకు మారుస్తాం, కొంచెం తేడా కట్టండి' అని లింకు పంపుతాండారు. పేరు, సీటు నంబరు తప్పులేకుండా చెప్తారంట. అందుకే అందరూ నమ్ముతాండారు."

"కొన్నోళ్ళ కార్డు నంబర్లు మీకు కనపడతాయా?"

"లేదక్కా. దుడ్లు కట్టేది బ్యాంకు పేజీలో. మాకొచ్చేది పేరు, ఫోన్ నంబరు, సీటు నంబరు. అంతే."

"ఆ మూడు ఎవరెవరి కాడ ఉండాయ్?"

"నా కాడ, మా మామ కాడ, గేటు చూసుకునే సురేష్ బావ కాడ, పందిరీ మైకుసెట్టూ పెట్టే వెంకటేషన్న కాడ. జనాన్ని సీట్లలో కూచోబెట్టాలని నేనే అందరికీ పంపినా." సంధ్య తాగని గ్లాసును బల్ల మీద పెట్టేసింది. "రేపే పోటీ. కొందరు టికెట్టు దుడ్లు వాపసడుగుతాండారు. ఈ సాయంత్రం లోపల తేలకపోతే అందరి దుడ్లూ వాపసిచ్చి పోటీ ఆపేస్తానన్నాడు మామ. అది పోతే పోనీ. నిన్న అన్నం కాడ కూచొని, 'ఆ ల్యాప్‌టాప్ నా ఇంట్లో కనపడగూడదు' అన్నాడక్కా. పెళ్ళయినప్పటి నుంచి ఆయప్ప నన్నొక్క మాట అనలేదు."

ఇంద్రజ లేచి చెప్పులు తొడుక్కుంది. కేసు తీసుకున్నట్టు ఆమె చెప్పే పద్ధతి అదే.

ఆళ్ళగడ్డలో పోటీ మైదానం అప్పటికే సగం తయారైంది. ట్రాక్టర్లు మట్టి చదును చేస్తున్నాయి. ఎడ్లు లాగబోయే బండను నడుమన పెట్టారు. దాన్ని చూస్తేనే శేషయ్యకు నడుం పట్టేసినట్టయింది. కమిటీ పందిట్లో కూర్చున్న చెన్నకేశవులు కోడలి ముఖం చూడకుండానే ఇంద్రజతో మాట్లాడాడు.

"అడుగమ్మా, ఏమడుగుతావో. నాకు ఫోన్ వస్తే ఎత్తను, పోతే తిరిగి చెయ్యను. ఆ లింకులు నాకు తెలీవు."

"మీ ఎడ్లు కూడా దిగుతాండాయా?"

"కమిటీ పెద్దగా కూచున్న ఏడు నా ఎడ్లు దిగవు. అది పద్ధతి కాదు."

గేటు కాడ ఉన్న సురేష్ ఆయన తమ్ముడి కొడుకు. చేతికి వెండి కడియం, గొంతులో అధికారం. "చూడప్పా," అన్నాడు శేషయ్య భుజం మీద చెయ్యేసి, "ఇన్నేండ్లు గేటు కాడ టికెట్లిచ్చినా. ఒక్కని దుడ్లన్నా పోయినాయా? చదువుకున్నోళ్ళ మాట ఇంటే ఇట్లే ఉంటాది." శేషయ్యకు ఆ మాట తేనెలా తగిలింది. అంతలో సురేష్ తన ఎడ్లను చూపించాడు. తెల్లటి జత, నూనె రాసిన కొమ్ములు. వాటి గంగడోలు నిమురుతున్నప్పుడు అతని గొంతులో అధికారం పోయి ముద్దు వచ్చింది. పందెంలో మొదటి కాడి ఆ జతదేనట.

వెంకటేష్ పందిరి గుంజ మీదెక్కి కూర్చుని అక్కడి నుంచే జవాబిచ్చాడు. "నా ఫోన్‌లో మైకుసెట్టు బుకింగులే చూసుకోలేక చస్తాండానక్కా. ఎద్దుల సంగతీ తెలీదు, టికెట్ల సంగతీ తెలీదు. వైరు ఇస్తే మాత్రం లాగుతా."

మోసపోయినవాళ్ళలో మొదటి మనిషి కిరాణా అంగడి ఉమామహేశ్వరమ్మ. "ఓటీపీ నేను ఎవురికీ చెప్పలేదమ్మా," అంది కళ్ళొత్తుకుంటూ. "లింకులో కొట్టినా, అంతే." శేషయ్య నవ్వు ఆపుకోవడానికి కందిపప్పు బస్తా వైపు తిరిగాడు. ఇంద్రజ మాత్రం నవ్వలేదు. ఉమామహేశ్వరమ్మ పక్క సీట్లు ఎవరివో అడిగింది. ఒక సీటు మిడుతూరు కృష్ణమ్మది. దానికి అవతలి సీటాయనకు కూడా ఫోన్ వచ్చి దుడ్లు పోయాయి.

మైదానం వెనక చుట్టాల కళ్ళంలో కృష్ణమ్మ ఎడ్లను కడుగుతోంది. రేపు వాటిని తోలేది ఆమె కొడుకు. ఆయమ్మ కోపం ఇంకో రకం.

"ఈ పక్కనామెకు ఫోన్ వచ్చె, ఆ పక్కనాయప్పకు ఫోన్ వచ్చె. నడుమన నేను కూచునేది వానికి కనపల్యా? నీడ నాకొద్దా? నేనేమన్నా దుడ్లు కట్టకుండా కూచున్నానా?"

"నీకు రాకపోవడమే మేలు పెద్దమ్మా, దొంగ ఫోనది," అన్నాడు శేషయ్య.

"దొంగోడైనా పిలవల్ల గదప్పా, మర్యాదకి!"

అప్పుడే ఒకాయన విసురుగా కళ్ళంలోకి వచ్చాడు. కృష్ణమ్మ ఊరివాడే. ఇద్దరికీ చేను గట్టు తగాదా ఉందట. నోరు తెరిచి, కడుగుతున్న ఎడ్లను చూసి, తెరిచిన నోరు మూసుకున్నాడు. "పందెం అయినాంక మాట్లాడుకుందాం లేమ్మా," అని వచ్చిన దారినే పోయాడు.

ఇంద్రజ ఆశ్చర్యపోయింది. "ఏందీ, అట్ల ఎల్లిపాయె?"

"ఆయప్పకూ ఎడ్లుండాయ్, రేపు దిగుతాండాయ్," అంది కృష్ణమ్మ. "కాడి కట్టబోయే ఎడ్లుండే ఇంటి ఉసురు ఎవడూ పోసుకోడు. పోసుకుంటే వాని ఎడ్లు బండ కాడ మోకాళ్ళ మీద పడతాయ్. పందెం అయినాంక చూడు, ఎట్ల అరుస్తాడో."

తిరిగి వస్తుంటే వెలుగోడు మద్దిలేటి ఎదురయ్యాడు. అతని దుడ్లూ పోయాయి. దానికి మించిన బాధ ముఖంలో ఉంది. "మా ఎద్దు కాలు బెణికిందక్కా. పందెం నుంచి మా జత పేరు తీసెయ్యమని కమిటీలో చెప్పి, కండ్లనీళ్ళతో ఇంటికి పోయినా. తెల్లారే ఫోన్ వచ్చె. 'నీడ పక్క సీటు' అని. నేను ఎద్దుల్ని చూసుకుంటానా, వాని లెక్కలు చూసుకుంటానా? ఏం చెప్తే అది కొట్టినా."

"అంతకుముందు ఫోన్ రాలేదా?"

"ల్యా. నా పక్కసీట్లోళ్ళకు ముందే వచ్చినాది."

ఇంద్రజ చేతి గడియారాన్ని మణికట్టు చుట్టూ ఒకసారి తిప్పింది. శేషయ్య నడక ఆపేశాడు. ఆమె గడియారం తిప్పిందంటే దొంగ దొరికినట్టే. తానూ అవే మాటలు విన్నాడు, అవే ఎడ్లను చూశాడు. తనకు మాత్రం ఎద్దు ఎద్దులాగే కనపడింది. ఈ పిల్ల బుర్ర బంగారం గాను, అనుకున్నాడు.

"ఎవరమ్మా?" అన్నాడు ఆత్రంగా.

"అతని నోటితోనే చెప్పించాల చిన్నాయనా. ఎస్సైకి ఫోన్ చెయ్యి. అందర్నీ సాయంత్రం మైదానంలోకి రమ్మను. దుడ్లు పోయినోళ్ళనూ, వాపసు అడిగినోళ్ళనూ కూడా."

పొద్దు వాలేసరికి బండ చుట్టూ జనం గుమిగూడారు. మఫ్టీలో ఉన్న ఎస్సై జనంలో కలిసి నిలబడ్డాడు. సురేష్ ఎడ్ల జతను అలవాటు కోసం మైదానంలోకి తెచ్చి కట్టారు. ఇంద్రజ గొంతు పెంచకుండానే మాట్లాడింది. అయినా చివరివాడికి కూడా వినపడింది.

"ముందు ఒక మాట. టికెట్టు కొన్నప్పుడు మీ కార్డు నంబరు ఎవరికీ పోలేదు. అది సంధ్య కాడికి రానేరాదు. దొంగ తలుపు పగలగొట్టలేదు. ఫోన్‌లో పిలిచినాడు, మీరే తీసినారు. కానీ మీ పేరూ, ఫోన్ నంబరూ, సీటూ వానికెట్ల తెలిసినాయ్? అవి ఉండేది నలుగురి కాడ. ఆ నలుగురూ ఈ ఎడ్ల మూపురం మీద చెయ్యేసి, 'నేను బయటికి ఇవ్వలేదు' అని ప్రమాణం చెయ్యాల."

జనంలో గుసగుసలు లేచాయి. "సురేషన్నా, నీ ఎడ్లు. సరేనా?" అంది ఇంద్రజ.

"నాకేం? చెయ్యమను," అన్నాడు సురేష్.

వెంకటేష్ గబగబా వచ్చి చెయ్యేసి ప్రమాణం చేశాడు. చెన్నకేశవులు తలపాగా తీసి చంకలో పెట్టుకుని మరీ చేశాడు. సంధ్య మాత్రం నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఎద్దును ఏనాడూ ముట్టని పిల్ల. ఎద్దు బుస్సుమంది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, మూపురం మీద అరచెయ్యి ఆనించి, "నేను ఇవ్వలేదు," అంది. ఆ గొంతు విన్న శేషయ్యకు కళ్ళు చెమర్చాయి.

"ఇంక నువ్వన్నా," అంది ఇంద్రజ.

సురేష్ నవ్వాడు. ఎడ్ల దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తాడు. ఎద్దు తల తిప్పి, అలవాటుగా అతని మణికట్టు నాకింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఇదంతా ఏందక్కా? పందెం ముందర నోరులేని జీవాల్ని ఇట్లాంటివాట్లోకి లాగకూడదు. ఒట్టు తప్పితే ఎడ్లకు కీడు," అన్నాడు.

"ఆ మాట ఆ ముగ్గురూ చెయ్యేసేటప్పుడు ఎందుకనలేదన్నా?"

జనం సురేష్ వైపు తిరిగారు.

"నలుగురిలో ఒకడు దొంగ అని చెప్పినా," అంది ఇంద్రజ. "రేపు పందెంలో దిగబోయే నీ ఎడ్ల మీద దొంగ అబద్ధపు ఒట్టు పెడతాడేమోనని నీకు భయం పుట్టాల. వేరే ఎవరైనా అయితే పగ్గం పట్టుకొని ఎడ్లను ఇంటికి తోలుకుపోయేవాడు. నువ్వు సరే అన్నావు. ఎందుకంటే వాళ్ళు ముగ్గురూ దొంగలు కారని ఈ మైదానంలో నీ ఒక్కనికే తెలుసు."

సురేష్ ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ఇంద్రజ జనం వైపు తిరిగింది.

"కృష్ణమ్మకు ఫోన్ రాలేదు. ఎడ్లు దిగే ఏ ఇంటికీ రాలేదు, సాయంత్రం దాకా అడిగి చూసినా. యాడనో కూచున్న దొంగకు ఎవరింట్లో ఎడ్లుండాయో ఏం తెలుసు? సైటులో ఎద్దుల మాటే లేదు. మద్దిలేటి జత పందెంలో ఉన్నన్ని దినాలూ అతని జోలికి పోలేదు, పేరు తీసేసిన మరుసటి దినమే ఫోన్ వచ్చినాది. అంటే నంబర్లిచ్చినోడు ఉసురుకు భయపడే మనిషి. తన ఎడ్లు కూడా దిగుతాండే మనిషి. చెన్నకేశవులు గారి ఎడ్లు ఈ ఏడు దిగవు, వెంకటేషన్నకు ఎడ్లే లేవు, సంధ్య ఇప్పుడే మొదటిసారి ఎద్దును ముట్టింది. సురేషన్నా, మద్దిలేటి నంబరు ఎవరికి పంపినావో నీ ఫోన్‌లో ఎస్సై గారు చూసుకుంటారు లే."

సురేష్ ఎద్దు మెడ మీద తల ఆనించాడు. "గేటు కాడ నిలబడితే ఊరంతా సురేషన్నా అని పిలిచేది," అన్నాడు. "ఈ పాప వచ్చి ఫోన్‌లో టికెట్లు పెట్టె. నన్ను పలకరించేవాడే లేడు. కార్డులు కొట్టేసే ఒకనికి నంబర్లు పంపినా. నాలుగిండ్లలో పోతే అందరూ భయపడి మళ్ళా గేటు కాడికొస్తారనుకున్నా."

మద్దిలేటి ముందుకు వచ్చాడు. "నా ఎద్దు కుంటుతాంటే, నా నంబరు పంపినావాప్పా?" అని మాత్రం అన్నాడు.

ఎస్సై జీపు దగ్గరికి నడిపిస్తుంటే సురేష్ వెనక్కి తిరిగాడు. "పెదనాయనా, నా ఎడ్లు..."

"దిగుతాయ్ బావా," అంది సంధ్య, ముసలాయన కంటే ముందు. "అవేం చేసినాయ్?" ఆమె చెయ్యి ఇంకా మూపురం మీదే ఉంది.

జనం ఇంద్రజను చుట్టుముట్టారు. ఉమామహేశ్వరమ్మ ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. శేషయ్య అడిగినవాడికీ అడగనివాడికీ గడియారం సంగతి చెబుతున్నాడు. అప్పుడు చెన్నకేశవులు జనాన్ని తోసుకుంటూ కోడలి ముందుకు వచ్చి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"వాపసు అడిగిన సీటు ఒకటుంటే నాకియ్యి పాపా. దుడ్లు ఈ ఫోన్‌తో నేనే కడతా."

"మీరు కమిటీ పెద్ద. మీకు టికెట్టెందుకు మామా?"

"నిన్ను నమ్మలేదని ఊరంతా చూసినాది. నమ్మినానని గూడా ఊరంతా చూడల్ల."

సంధ్య చూపించినచోటల్లా ఆయన వేలు పెట్టాడు. ఆళ్ళగడ్డ మొత్తం ఊపిరి బిగబట్టి చూసింది. ఫోన్ టింగుమంది. ఆమె సాయం చేయబోతూ వంగింది. చెన్నకేశవులు తలపాగా గుడ్డను ఫోన్ మీద గొడుగులా కప్పేసి, అటు తిరిగిపోయాడు.

"దూరం జరుగు. ఓటీపీ ఎవరికీ చూపించగూడదంట," అన్నాడు. "నీక్కూడా."

సంధ్య ఏడుస్తూ నవ్వింది.