లాంఛనం కాని చీర

నాకు కావాల్సింది ఒక్క నిమిషమండీ. ఎక్కువేం కాదు. ప్రసన్నగారు ఒక్కరే ఉండాలి, నేనొక్కణ్ణే ఉండాలి, మధ్యలో ఎవరూ "పాలపొడి డబ్బా ఎక్కడా?" అని అరవకూడదు. ఏలూరులో మా అక్క వాళ్ళ రెండు గదుల ఇంట్లో పదిరోజులుగా ఆ నిమిషం దొరకలేదు.

ఎలా దొరుకుతుంది? పదకొండు మంది! మా అక్క చంద్రకళ, బావ సాయితేజ, వాళ్ళ ఐదేళ్ళ కొడుకు చరణ్‌తేజ, పదకొండో నెల పాప. పాపకి చెవులు కుట్టిస్తున్నారని తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరి నుంచి అక్క మావగారు సత్యనారాయణమూర్తిగారు, అత్తగారు దిగారు. భీమవరం నుంచి బావ వాళ్ళ అక్క పద్మప్రియగారు ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని దిగారు. పదకొండో మనిషి బావ చెల్లెలు లక్ష్మీప్రసన్న. పెదవేగిలో పామాయిల్ రీసెర్చ్ వాళ్ళ ల్యాబులో ఉద్యోగం, ఉండేది అన్నయ్య ఇంట్లో. ఎదురుగా ఉంటే ప్రసన్నగారు, మనసులో ఉత్త ప్రసన్న.

నేను ఫణికిరణ్. కొల్లేరు పక్క చేపల చెరువుల్లో ఏరేటర్లు, అదేనండీ, నీళ్ళు చిలికి చేపలకి గాలి అందించే మెషీన్లు, బిగిస్తుంటాను, పాడైతే బాగుచేస్తుంటాను. మబ్బు పట్టిందంటే చేపకి ఊపిరాడదు, నాకు కాలు నిలవదు. మామూలుగానే నిలవదనుకోండి.

ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం, సంచిలో రెండు కొర్రమీనులు వేసుకుని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది ప్రసన్న. అక్క పెళ్ళిలో దూరం నుంచి చూడడమే, మళ్ళీ ఎదురుపడింది అప్పుడే. ఆ ఇంట్లోకి వచ్చి అప్పటికి వారమే.

"ఏవండీ, లోపలికి మీరొస్తారా, చేపలొస్తాయా? వాసన చూస్తే ఇద్దరికీ కలిపి చోటు చాలేలా లేదు."

"నేను చంద్రకళ తమ్ముణ్ణండీ!"

"అవునా? నేనింకా ఆ చేప తమ్ముడనుకున్నాను."

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే వచ్చే ఆదివారానికి సబ్బు మార్చాను. అది మొదలు ఎనిమిది నెలల్లో నాలుగు సబ్బులు మారాయి. తను కనిపెట్టేసింది కూడా. "ఈ వారం గంధమా?" అని గుమ్మంలోనే అడిగేది. అడిగినప్పుడల్లా నేను ఇంకో వారం బతికేవాణ్ణి.

మరి చెప్పెయ్యొచ్చు కదా అంటారేమో. అక్క కాపురం చేస్తున్న ఇల్లండీ అది. ఆ ఇంటి పిల్లని నేను అడిగి, అటో ఇటో అయిందనుకోండి, మాట పడేది అక్క. అందుకని నోరు మూసుకున్నాను. తీరా చూస్తే పదిరోజుల కిందట కాఫీలు తాగుతూ మూర్తిగారు బాంబు పేల్చారు.

"నల్లజర్ల సంబంధం వాళ్ళు వచ్చే గురువారం పన్నెండింటికి ఫోన్ చేస్తారు. అవునో కాదో మనం చెప్పెయ్యాలి. నీ ఇష్టమే అమ్మా, ప్రసన్నా. నా బలవంతం ఏం లేదు."

అబ్బాయి మంచివాడట. పామాయిల్ తోటట. ప్రసన్న చదివిందీ, చేసేదీ దాని మీదే. అన్నీ అమిరాయి కదండీ! వెధవైతే నాకింత బెంగ ఉండేది కాదు.

గురువారమే చెవులు కుట్టేది కూడా.

ఫంక్షన్ పనుల వంకతో రోజూ అక్కడే తిరుగుతున్నాను, ఇక అక్కణ్ణుంచి నా అవస్థ చూడాలి. ఈ సోమవారం సాయంత్రం డాబా మీద తను బట్టలు తీస్తుంటే చినుకు మొదలైంది. ఇంతకంటే మంచి సమయం రాదనుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

"ప్రసన్నగారూ, ఒక్క మాట..."

"ముందు ఆ దుప్పటి అందుకోండి, తడిసిపోతోంది."

అందుకున్నాను. తన రెండు చేతుల నిండా పిల్లల బట్టలు, ముంగురుల మీద చినుకులు.

"నల్లజర్ల సంబంధం... మీకు..."

"మీకేమనిపిస్తోంది?" సూటిగా చూసింది. నవ్వడం లేదు.

నోరు తెరిచాను. కింద నుంచి చరణ్‌గాడి కేక. "మావయ్యా! పాప తాతయ్య చెప్పు నోట్లో పెట్టుకుంది!"

ఇద్దరం పరిగెత్తాం. మెట్ల మలుపులో తను అంది, "మీ మెషీన్లు అంత గోల చేస్తాయి కదండీ, మీకు మాత్రం ఒక్క మాట పెగలదేం?"

మంగళవారం వంటింట్లో ప్రయత్నిస్తే పద్మప్రియగారి కవల పిల్లలు నా రెండు కాళ్ళూ పట్టుకుని ఊగారు. బుధవారం బస్టాపులో దింపుతానంటే మూర్తిగారు కూడా బండెక్కారు, పెదవేగి చూడాలని. ఛీ, నా బతుకు!

ఇంకొక్కటి చెప్పాలి, చీర సంగతి. అంతకు ముందు ఆదివారం పాపకి పట్టు గౌను కొనడానికి అందరం తాడేపల్లిగూడెం వెళ్ళాం. ప్రసన్న ఓ వంకాయరంగు చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. పసుపు అంచు. అద్దంలోనే నన్నూ చూసింది. ఎలా ఉందని అడిగినట్టే చూసింది.

"నీకు నప్పదే. నాకైతే బాగుంటుంది," అన్నారు పద్మప్రియగారు, చేతిలో అప్పటికే మూడు చీరలతో.

ప్రసన్న ఆ చీర భుజం మీంచి తీసింది. నాలుగు మడతలూ సరిగ్గా పెట్టి, ఉన్నచోటే పెట్టేసింది. ఆ పిల్ల అంతేనండీ. చిన్నప్పుడు వాళ్ళక్క విడిచిన గౌన్లు, పెద్దయ్యాక వాళ్ళక్క కట్టిన చీరలు, ఆఖరికి కారులో కిటికీ పక్క సీటు కూడా అక్కకే. "అడగడం నాకు చేతకాదండీ," అని ఓసారి నాతో నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే పని మానుకుని గూడెం వెళ్ళి ఆ చీర కొనేశాను. నిమిషం దొరికితే ఇద్దామని సంచి అడుగున దాచాను.

గురువారం తెల్లారేసరికి వాన. జేబులో ఫోన్ కొట్టుకుంటూనే ఉంది, ఉండి ఊరి దగ్గర చెరువులో చేపలు పైకి తేలుతున్నాయని. నా హెల్పర్ దేవదానాన్ని వెళ్ళమని చెప్పి పెట్టేశాను. పాపని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టాలి. ఇవాళ నేను కదలకూడదు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. పుట్టింటి తరఫున తేవాల్సినవన్నీ వాయిస్ మెసేజ్ పెట్టింది. పాపకి బంగారు పోగులు, అక్కకి చీర, బావకి పంచెల చాపు, లడ్డూలు. అన్నీ తెచ్చాను. అక్క వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆడపడుచుల చీరలేవిరా?"

"అవేంటి?"

"నా పుట్టింటివాళ్ళు మా ఆడపడుచులకి లాంఛనం పెట్టాలి కదరా! అమ్మ చెప్పలేదూ?"

చెప్పే ఉంటుంది. నాలుగు నిమిషాల మెసేజ్. ఏరేటర్ పక్కన నిలబడి వింటూ మూడో నిమిషంలో ఆపేశాను. అక్క మొహం పాలిపోయింది. "పదిమందిలో పద్మప్రియ వదినగారికి ఏం సమాధానం చెప్పను?" అంటుండగానే హాల్లోంచి పిలుపు. "మేనమామ రావాలి!"

వెళ్ళి పీట మీద కూర్చున్నాను. చెవులు కుట్టే ఆచారి భీమశంకరంగారు బంగారు తీగ సిద్ధం చేసుకున్నారు. నన్ను చూస్తేనే ఏడ్చే పాప ఆ రోజెందుకో ఏడవలేదు. గంధం సబ్బు పనిచేసినట్టుంది. ప్రసన్న బెల్లం ముక్క పట్టుకుని పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. జానెడు దూరం. చుట్టూ జనం. గోడ గడియారంలో పదకొండున్నర.

"తల ఇలా పట్టుకోండి. ఇక కదలకండి బాబూ," అన్నారు భీమశంకరంగారు. "మీరు కదిలితే పాప చెవి వంకరపోతుంది."

అప్పుడొచ్చిందండీ మా అక్క, చేతిలో పళ్ళెం పట్టుకుని. పళ్ళెంలో పసుపు కుంకుమ, పళ్ళు, వాటి కింద వంకాయరంగు చీర. నా సంచి వెతికేసింది!

"మా పుట్టింటి లాంఛనం వదినగారూ," అని పద్మప్రియగారికి బొట్టు పెట్టింది. "ప్రసన్నది ఫాల్‌కి ఇచ్చాం, రెండు రోజుల్లో వచ్చేస్తుంది."

"అయ్యబాబోయ్, గూడెంలో నేను మెచ్చుకున్న చీరే! ఏవయ్యా కిరణూ, ఎంత గుర్తుపెట్టుకున్నావయ్యా!" పద్మప్రియగారు విప్పి భుజాన వేసేసుకున్నారు.

ప్రసన్న చీరని చూసింది. నన్ను చూసింది. ఒక్క క్షణం కళ్ళు వెలిగాయి, ఆ వెంటనే తల వంచేసుకుంది. షాపులో చీర మడతపెట్టినప్పుడు అచ్చం అలాగే వంచుకుంది. ఇదీ వాళ్ళక్కకే వెళ్ళిపోయిందని సరిపెట్టేసుకుంటోంది.

"అది కాదండీ!" అన్నాను. గట్టిగానే వచ్చింది గొంతు.

"ఏది కాదు?"

"కదలకండి బాబూ!"

కదలకుండానే అరిచాను. "అది లాంఛనం కాదండీ వదినగారూ. లాంఛనం నేను తేలేదు, మర్చిపోయాను. తప్పు నాది, మా అక్కది ఇసుమంత కూడా లేదు. రేపు సాయంత్రంలోగా మీకూ ప్రసన్నగారికీ తెచ్చి కాళ్ళకి దణ్ణం పెడతాను. ఆ చీర మాత్రం ప్రసన్నగారి కోసం కొన్నది."

"దానికి విడిగా చీరేమిటి?"

హాలంతా నన్నే చూస్తోంది. అక్క కళ్ళతోనే 'వద్దురా' అంటోంది. లేచి పారిపోదామంటే ఒళ్ళో పాప, చెవి దగ్గర తీగ.

"ఎందుకంటే ఆవిడంటే నాకు ఇష్టమండీ. ఎనిమిది నెలల్నుంచీ. ముందు ఆవిడకే చెప్పి, ఆవిడ సరేనంటే మావయ్యగారిని అడుగుదామనుకున్నాను. పదిరోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఏ గదిలో చూసినా మీరే ఉన్నారు!"

సరిగ్గా అప్పుడే భీమశంకరంగారు తీగ గుచ్చేశారు. పాప ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. ప్రసన్న చటుక్కున పాపనెత్తుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. ఏడుపు ఆగేదాకా వానని చూపిస్తూ అటూ ఇటూ తిరిగింది. నేను లేవబోయాను.

"ఇంకో చెవి ఉంది బాబూ. కూర్చోండి."

కూర్చున్నాను. అక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది. బావ నన్ను కొత్తగా చూస్తున్నాడు. మూర్తిగారి ఫోన్ మోగింది. నల్లజర్ల వాళ్ళు, పావుగంట ముందే.

ఆయన ఫోన్ ఎత్తలేదు. చేతిలో పట్టుకుని కూతురి వైపు తిరిగారు. "ఏమ్మా? నువ్వు చెప్పాలి."

"ఏం చెప్తుంది నాన్నా, నలుగురిలో ఇలా పరువు తీస్తే!" పద్మప్రియగారి మొహం ఎర్రబడింది. చీర ఇంకా ఆవిడ భుజం మీదే ఉంది.

ప్రసన్న లోపలికొచ్చింది. వెక్కుతున్న పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టింది. నా మొహం వైపు చూడలేదు. తిన్నగా వాళ్ళక్క ముందుకెళ్ళి చెయ్యి చాపింది.

"అక్కా, ఆ చీర ఇటివ్వు."

"ఏంటే?"

"అది నాది."

ఫోన్ మోగుతూనే ఉంది. పద్మప్రియగారు చెల్లెల్ని ఎగాదిగా చూశారు. ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు చూశారు. మెల్లగా భుజం మీంచి చీర తీశారు.

"ఇరవయ్యారేళ్ళకి నోరు తెరిచి ఒకటడిగావు," అని చెల్లెలి చేతుల్లో పెట్టారు. ఆవిడ గొంతులో ఇందాకటి కోపం లేదు. నా వైపు తిరిగి మాత్రం, "నా చీర దీనికంటే మంచిది రావాలి, చెప్తున్నా!" అన్నారు.

"వస్తుందండీ!"

మూర్తిగారు ఫోన్ చెవిన పెట్టుకున్నారు. "ఆ, నమస్కారమండీ. ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి వేరేచోట ఇష్టం ఉందండీ... నాకూ ఇప్పుడే తెలిసింది." అక్క చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

ప్రసన్న ఆ చీర చంకలో పెట్టుకునే మళ్ళీ పాప ముందు కూర్చుంది, చేతిలో ఇంకో బెల్లం ముక్క. జానెడు దూరం.

"ఏదో ఒక్క మాట చెప్పాలన్నారు, డాబా మీద," అంది నెమ్మదిగా.

"చెప్పేశాను కదండీ, అందరి ముందూ!"

"వాళ్ళకి చెప్పారు. నాకు చెప్పలేదు."

"ఇంతమందిలోనా?"

"నేను వినేది మిమ్మల్నొక్కరినే లెండి."

చెప్పాను. ఏం చెప్పానో మీకెందుకండీ, అది ఆవిడకి. పాప బెల్లం చప్పరిస్తూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. భీమశంకరంగారు రెండో చెవి పట్టుకున్నారు.

"కదలకండి బాబూ."

జేబులో చెరువు ఫోన్ కొట్టుకుంటోంది, బయట వాన, పక్క గదిలో కవలలు ఏదో పగలగొట్టారు. నాకు మాత్రం ఆ పీట మీంచి కదలాలనే అనిపించలేదు.