ఒడ్డు మీద నుంచి అంచనా

లైట్‌హౌస్ చూడటానికి చాట్రాయి, హనుమాన్ జంక్షన్ చర్చిలు రెండూ కలిసి బస్సు వేశాయి. దానికి ‘యూత్ విజ్ఞానయాత్ర’ అని బ్యానర్ కట్టారు. ఎక్కిన నలభై మందిలో యూత్ ఇద్దరే. ఒకడు సంతోష్ కుమార్, ఇంకొకరు లేయా. మిగతా ముప్పై ఎనిమిది మందీ, సంతోష్ లేయాని ఎలా చూస్తాడో చూడటానికి వచ్చారు.

ఇవి పెళ్ళిచూపులని వాళ్ళిద్దరికీ తెలిసినా, తెలియనట్టే నడవాలని పెద్దల ఏర్పాటు. అందుకే సంతోష్ తండ్రి రత్నబాబు, “మనం లైట్‌హౌస్ కోసమే వెళ్తున్నాం,” అని మూడుసార్లు గట్టిగా చెప్పారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, “ఈ ప్రయాణం ఉద్దేశం నీకు తెలుసు ప్రభువా,” అన్నారు. బస్సంతా ఆమెన్ అంది. ఆంజనేయస్వామి మాల వేసుకున్న డ్రైవర్ సాయిరాం కూడా అన్నాడు.

ఏర్పాటు తేలికైనదే. సంతోష్ ఒడ్డున లేయాని ఒకసారి చూడాలి. వచ్చేటప్పుడు జంక్షన్‌లో, లేయా వాళ్ళు దిగేచోట, టీ తాగుతూ ‘సరే’ అనాలి. ఆదివారం ప్రధానం, ఉంగరాలు. లేయా ఏమనాలన్నది మాత్రం ఏర్పాటులో లేదు. అది వాళ్ళమ్మ దయామణికి గుర్తు రాలేదు.

ఒడ్డున బస్సు దిగగానే, సముద్రం మధ్య దీవిలో పాత లైట్‌హౌస్ బొటనవేలంత కనిపించింది. అందరూ దానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగారు.

సంతోష్ కళ్ళు చికిలించి చూశాడు. పిందె మీదున్న మామిడితోటని చూసి ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పడం అతని పని.

“నూట పాతిక అడుగులు,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

“తొంభై,” అంది వెనక నుంచి లేయా. నూజివీడులో లెక్కల లెక్చరర్ ఆమె. చేతిలో ఎత్తు లెక్కగట్టే కోణమానిని, దానికి గుండులా దారంతో కట్టిన మామిడి పిందె.

“నా అంచనా తప్పదండీ. మా తోటల వైపు ఎవర్నైనా అడగండి.”

“అది మామిడిచెట్టు కాదండీ.”

“ఆ పిందె ఎక్కడిది?”

“బస్సు ఆపిన చెట్టు కింద రాలింది. దిగులు పడకండి, మీ టన్నుల్లో ఏం తగ్గదు.”

సంతోష్‌కి నవ్వొచ్చింది. “పడవలో వెళ్ళి తేల్చుకుందాం.”

రత్నబాబు పరుగున వచ్చారు. “పడవెందుకురా? ఇక్కణ్ణుంచి చక్కగా కనిపిస్తుంటే.”

“లైట్‌హౌసా నాన్నా?”

“రెండూను,” అనేసి ఆయన నాలుక కరుచుకున్నారు.

లేయా నవ్వలేదు. సంతోష్‌కి మాత్రమే వినపడేలా చెప్పింది.

“మీరు నాలుగోవారండీ. ముగ్గురు దూరం నుంచే చూసి నచ్చానన్నారు. ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. నేనే వద్దన్నాను. ఈసారి కూడా వద్దంటే అమ్మ నాతో మాట్లాడనంది. మీరు టీ దగ్గర సరే అంటే ఇక అంతే.”

సంతోష్ తండ్రి వైపు తిరిగాడు.

“నాన్నా, గట్టు మీద నుంచి చూసి తోట కొంటామా?”

రత్నబాబు ముప్పై ఏళ్ళుగా మామిడిలో ఉన్నారు. పెళ్ళి విషయంలో ఎన్ని అబద్ధాలైనా ఆడగలరు గానీ తోట విషయంలో ఆడలేరు.

“ఎలా కొంటాంరా? గట్టు వరసకి ఎండ బాగా తగుల్తుంది, ఎప్పుడూ నిండుగానే కాస్తుంది. లోపలికి దిగితేగానీ అసలు కాపు తెలీదు.”

చెప్పాక గానీ ఏం చెప్పారో ఆయనకే తెలియలేదు. చుట్టూ చూశారు. అందరూ విన్నారు.

“సరే, దిగు,” అన్నారు.

“ఇద్దరేనా?” అంది దయామణి.

“నేనున్నాగా అమ్మా,” అన్నాడు పడవ నడిపే చిన్నప్ప. “ఈ లైఫ్ జాకెట్లు వేసుకున్నాక మనిషికీ మనిషికీ మధ్య మూరెడు దూరం దానంతటదే వచ్చేస్తది.”

లేయా కూర్చోబోతుంటే, ఎండకి కాలుతున్న పడవచెక్క మీద సంతోష్ గోనెపట్టా తడిపి పరిచాడు. ఎవరూ చెప్పకుండానే.

దీవిలో, లైట్‌హౌస్ తలుపు పక్క రాతిపలక మీద ఎత్తు చెక్కి ఉంది. తొంభై రెండు అడుగులు.

“తప్పానండీ,” అన్నాడు సంతోష్. “నీళ్ళ మీద పోల్చుకోడానికి చెట్టు లేదు.”

“నేనూ రెండడుగులు తప్పాను.”

“అది నాకు వినపడలేదనుకోండి.”

ఇద్దరూ మెట్లెక్కారు. సగంలో అతనికి ఆయాసం వచ్చింది. ఆమె తనకి రాకపోయినా ఆగింది.

“లేయాగారూ,” అన్నాడు గోడకి ఆనుకుని. “మీరు నాకు బస్సులోనే నచ్చారు. అది గట్టు మీద మాట, లెక్కలోకి రాదు. నేను మీకు ఎలా ఉన్నాను?”

ఆ ప్రశ్న అడగడానికి నాలుగో మనిషి కావలసి వచ్చింది. లేయా అతన్ని తలనుంచి కాళ్ళదాకా తీరిగ్గా చూసింది.

“గట్టు వరస పర్వాలేదు,” అంది.

జంక్షన్‌లో టీ వచ్చింది. నలభై గ్లాసులూ గాల్లో ఆగాయి.

“ఏరా?” అన్నారు రత్నబాబు.

“నన్ను కాదు నాన్నా. ఆవిణ్ణి అడగండి.”

అందరూ దయామణి వైపు చూశారు. ఆమె కూతురి వైపు చూసి, మొదటిసారి అడిగింది.

“నీకెలా ఉందే?”

లేయా టీ ఊదుకుంది.

“శనివారం వాళ్ళ తోట లోపలికి దిగి చూడాలమ్మా. ప్రధానం ఆదివారమేగా, టైముంది. అలాగే ఉంచు.”

పాస్టరుగారు నోరు తెరిచేలోపే డ్రైవర్ సాయిరాం గ్లాసు దించి, “ఆమెన్,” అన్నాడు.