మూడుసార్లు ఆగిన ఎర్ర కారు

“కాయ గట్టిదేనా?”

“పైకి గట్టిదే. లోపల పురుగు.”

కోడ్ సరిపోయింది. మదనపల్లె టమాటా మార్కెట్లో, కుళ్లిన కాయల గుట్ట పక్కన తలపాగాతో నిలబడిన మండీ వ్యాపారి నిజానికి చీఫ్ వరదరాజులు. కింద మాత్రం పాలిష్ బూట్లు. మండీలో బూట్లు మెరిపించుకుని తిరిగే వ్యాపారిని ఏజెంట్ సాల్మన్ రాజు తన యాభై ఏళ్ల బతుకులో చూడలేదు. ఇలాంటి వేషాలకు కూడా పైవాళ్లు మెడల్స్ ఇస్తారు.

చీఫ్ ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని బ్రీఫింగ్ మొదలెట్టాడు.

“విదేశీ ముఠా. మన రాడార్ కోడ్స్ ఉన్న చిప్. ఇవాళ మధ్యాహ్నం మూడూ నలభై రైల్లో కుప్పం మీదుగా పోతోంది. కొరియర్ ముఖం మనకు తెలీదు. వాడికి తెలిసిందల్లా గ్లోరియా ఎర్ర స్పోర్ట్స్ కారు. స్టేషన్ కంచె బయట ఆ కారు కనిపిస్తే దిగి చిప్ ఆమెకిస్తాడు. కనిపించకపోతే అదే రైల్లో చెన్నై. అక్కడినుంచి ఓడ.”

గ్లోరియా డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది, కారు కూడా వాళ్లిచ్చిందే. కానీ ఆమె పనిచేసేది మనకు. కనీసం నిన్నటిదాకా అందరూ అలాగే నమ్మారు.

“ఇప్పటికి మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ కారు పుంగనూరు దగ్గర ఆగిపోయింది. మూడు చిప్‌లు ఓడెక్కాయి. బెంగళూరు ఎక్స్‌పర్టులు పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు, సెన్సర్లు మార్చారు. వాళ్ల దగ్గర వారం తిరిగినా ఒక్కసారీ ఆగలేదు. ఆమె చేతికొస్తేనే ఆగుతోంది. లోపం కారులో ఉందా, మనిషిలో ఉందా? తేల్చు. కారులో దొరక్కపోతే దారిలోనే ఆమె ఫైల్ క్లోజ్ చెయ్.”

“క్లోజ్ అంటే సార్?”

చీఫ్ అతని నడుం దగ్గరున్న తుపాకీ వైపు చూసి, టమాటా బుట్టల మధ్య జారుకున్నాడు.

సాల్మన్ రాజు కాండ్రించి ఉమ్మేశాడు. మనిషిని చంపమని చెప్పడానికి నోరు రాదు వీళ్లకు. ఫైలంట.

మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో యేసమ్మ ఇల్లే సేఫ్ హౌస్. ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషి. గ్లోరియా తన మేనకోడలని వీధి మొత్తానికీ చెప్పింది. అంతకు మించి ఏమీ అడగదు, ఎవరికీ చెప్పదు.

నల్ల కళ్లద్దాలు, లెదర్ జాకెట్, పది అడుగుల దూరానికే తగిలే సెంటు వాసనతో గ్లోరియా గేటు దగ్గర నిలబడి ఉంది.

“యాలప్పా ముఖం అట్లా పెట్టినావు? కుళ్లిన కాయ తొక్కినావా?”

“తొక్కలేదమ్మా. దాంతో మాట్లాడొచ్చినా.”

గంటసేపు ఇంజిన్‌ను అణువణువునా వెతికాడు. పంపు కొత్తది. ప్లగ్గులు కొత్తవి. వైర్లలో ఎక్కడా కోత లేదు, స్విచ్చుల్లో మోసం లేదు. ఎక్స్‌పర్టుల రిపోర్టు తిరగేశాడు. ‘ఎయిర్ ఫిల్టర్: నూనె ఉంది, నార్మల్’. దాన్ని దాటేశాడు. స్టార్ట్ చేస్తే ఇంజిన్ పిల్లిలా గురగురలాడింది. కారులో లోపం దొరకలేదు. అంటే మిగిలింది మనిషి.

చేతులు కడుక్కుని వచ్చేసరికి గ్లోరియా స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. యేసమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

దారి పొడుగునా సాల్మన్ రాజు గ్లోరియా చేతుల మీద, కాళ్ల మీద నుంచి చూపు తిప్పలేదు. దొంగ స్విచ్ నొక్కలేదు, తాళం ముట్టలేదు. అయినా పుంగనూరు పొలిమేరలో ఇంజిన్ దగ్గింది. రెండుసార్లు ఎగిరిపడింది. ఆగిపోయింది.

“సూడప్పా, నేనేం ముట్టలేదు,” అంది గ్లోరియా.

అతను దిగి బానెట్ ఎత్తాడు. వేడికి వాసన గుప్పుమంది. పెట్రోల్ కాదు, కాలిన ఇంజిన్ ఆయిలూ కాదు. కొబ్బరినూనె!

ఫిల్టర్ ఊడబీకాడు. నూనెలో ముంచి తీసిన బజ్జీలా కారుతోంది. స్పోర్ట్స్ కారు ఫిల్టర్‌కు దుమ్ము అంటుకోవాలని కంపెనీయే పల్చగా నూనె పూస్తుంది, నిజమే. కానీ ఏ కంపెనీ కొబ్బరినూనె పూస్తుంది? ఎక్స్‌పర్టులు తగిలించే లాప్‌టాప్‌కు ముక్కు లేదు. ముక్కున్న దొరలు దాన్ని ఇంజిన్ దాకా వంచలేదు.

ఫిల్టర్ వెనకే గాలి కొలిచే సెన్సర్. అందులో వెంట్రుకంత తీగ. ఎంత గాలి లోపలికి పోతోందో ఆ తీగ చెబితే, దానికి తగ్గ పెట్రోల్ ఇంజిన్‌లో పడుతుంది. ఇప్పుడు తీగకు జిడ్డు పట్టింది. అది తప్పుడు లెక్క చెబుతోంది, ఇంజిన్ ఊపిరాడక చస్తోంది.

“ఎవరో బానెట్ మీద గాలి పోయే బొక్కలో నూనె పోసినారమ్మా. బండి యాడ పెడతావు?”

“యేసమ్మ ఇంటి ముందరే.”

అతని కుడిచెయ్యి మళ్లీ నడుం దగ్గరి తుపాకీ మీదికి పోయింది. ఎడమచేత్తో ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“నేనే నాయనా!” అంది యేసమ్మ. “ప్రార్థన నూనె. బండి ఆడనుంచే ఊపిరి తీసుకుంటాదని అమ్మాయే చెప్పె. ప్రభువు కాపాడాలని ప్రతి ప్రయాణం ముందర పోస్తాండాను.”

“ఎంత పోసినావు?”

“మొదట మూతెడే. పాపం, బండి ఊరికే ఆగిపోతాండాదని అమ్మాయి ఏడిస్తే ఇంకొంచెం పోసినా. ఇయ్యాల సీసా అంతా వంచేసినా. యాల నాయనా, చాల్లేదా?”

గ్లోరియా రోడ్డు పక్క రాయి మీద కూలబడి నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైంది.

బెంగళూరులో ప్రార్థన లేదు, అందుకే అక్కడ ఆగలేదు. సాల్మన్ రాజుకు ఒళ్లంతా మండిపోయింది. ముగ్గురు ఎక్స్‌పర్టులు, ఏసీ రూములో నాలుగు మీటింగులు, చివరికి ఒక ఆడమనిషికి మరణశిక్ష! ఇంటి ముందున్న ముసలామెను ఒక్క మాట అడగాలని ఒక్కడికీ తోచలేదు.

“ఆ సెంటు సీసా ఇయ్యమ్మా.”

“పారిస్‌ది అప్పా!”

“యాడిదైనా అందులో ఉండేది స్పిరిటే. ఇయ్యి.”

సీసా సగమయ్యేదాకా తీగ మీద కొట్టాడు. జిడ్డు కరిగి కారింది. ఆరేదాకా ఊదాడు. బొక్కలో మిగిలిన నూనెను గుడ్డతో తుడిచేశాడు. ఫిల్టర్ లేకుండానే మూత బిగించాడు. దుమ్ము పోతే పోనీ, ఇంజిన్ ఇవాళ ఒక్కరోజు బతికితే చాలు.

“తొక్కమ్మా!”

పలమనేరు, వి.కోట. లారీలు, మలుపులు. కారు ఆగలేదు.

కుప్పం స్టేషన్ కంచె పక్కన బ్రేక్ పడేసరికి రైలు కూత వేసింది. చక్రాలు కదిలాయి. గ్లోరియా దిగి నిలబడింది. సాల్మన్ రాజు బానెట్ ఎత్తి మెకానిక్‌లా తల దూర్చాడు. మూడో బోగీ తలుపు దగ్గర, మెడలో ఐడీ కార్డుతో కాలేజీ లెక్చరర్‌లా ఉన్న మనిషి ఎర్ర కారును చూశాడు. కదిలే రైల్లోంచి దూకాడు.

“నాలుగో క్లాసుకైనా వచ్చారే,” అన్నాడు దగ్గరికొచ్చి.

“లేటైనా ఆబ్సెంట్ కాను,” అంది గ్లోరియా.

కోడ్ సరిపోయింది. సుద్దముక్కల డబ్బా ఆమె చేతిలో పడింది. మరుక్షణం స్పానర్ వాడి మెడ మీద పడింది. రైలు వెళ్లిపోయింది. డబ్బాలో, సుద్దపొడి కింద, చిప్.

చీఫ్ ఫోన్ చేశాడు. “వెల్‌డన్ రాజూ! ఇంతకీ కారెందుకు ఆగింది?”

“నూనె సార్.”

“ఏ దేశపు నూనె?”

“కొబ్బరినూనె సార్.”

“శత్రువుల రసాయన దాడి అని రాస్తాను, నువ్వు సంతకం పెట్టు. అన్నట్టు, గ్లోరియా గురించి నేను నీకు ఏ ఆర్డరూ ఇవ్వలేదు. క్లియర్?”

సాల్మన్ రాజు ఫోన్‌ను ప్యాంటుకు తుడుచుకుని జేబులో వేసుకున్నాడు.

“ఏమంటాండాడు మీ సారు?” అడిగింది గ్లోరియా.

“నిన్ను జాగ్రత్తగా సూసుకోమన్నాడమ్మా.”

“పొద్దున్నుంచి సూసుకుంటానే ఉండావు కదప్పా, కుడిచెయ్యి నడుం మీద నుంచి తియ్యకుండా.” ఆమె కళ్లద్దాలు తీసింది. “ఇంక ఆ చేతికి ఆడ పనేం లేదు గానీ, వచ్చి స్టీరింగ్ పట్టుకో.”